గవాచి మీద బండ

"మధ్యాహ్నం వరకు నీది, అన్నా. ఆ తర్వాత ఓవర్సీరును మేజిస్ట్రేటు ముందర నిలబెడతా. నువ్వు కర్నూలు బస్సెక్కు."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రంగయ్య ఆ మాట నవ్వుతూనే అన్నాడు. ఒకప్పుడు ఆళ్లగడ్డ స్టేషన్‌లో మద్దిలేటి కింద పనిచేసినవాడు. పంచనామా ఎట్లా రాయాలో మద్దిలేటి దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలు అతనివి. ఉద్యోగం వదిలేసి, కర్నూలు రాజధాని అయ్యాక అక్కడ ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్న మద్దిలేటికి మిగిలింది ఒక కొలత టేపు, తొందరపడని అలవాటు.

ఇద్దరి మధ్యా మట్టికుప్ప ఉంది. సోమవారం రాత్రి దాకా అది దర్జీ బాలస్వామి అంగడి, ఇల్లు కూడా. ఆ రాత్రి వానకు మిద్దె కూలింది. కుట్టుమిషను మీద వంగిన మనిషి వంగినట్టే పోయాడు.

కుప్పను ఆనుకొని ఉమామహేశ్వరమ్మ మేడ లేస్తోంది. నంద్యాల బజారులో తన స్థలంలో ఉన్న పాత మట్టి మిద్దెలన్నీ తీయించి, కింద అంగళ్ళు, పైన కాపురాలు వచ్చేట్టు ఆమె కట్టిస్తున్న మేడ అది. పాత అంగళ్ళ వాళ్ళందరికీ కింద చోటు, పైన ఇల్లు అని మాట ఇచ్చింది. అందరూ తాటాకు పందిళ్ళలోకి మారారు. బజారు మూలనున్న అంగడి మాత్రం బాలస్వామి సొంతం. అది వస్తే తప్ప మేడకు ముఖం రాదు. అతను ఇవ్వనన్నాడు. "మా నాయన కట్టిన మిద్దె. ఒకరి మేడ కింద నేను బతకను" అన్నాడు. ఆ మాటతో ఆమెకూ అతనికీ మాటలు ఆగిపోయి ఏడాది దాటింది.

"కేసు చెప్పు" అన్నాడు మద్దిలేటి.

రంగయ్య వంగి ఒక పెళ్ళ తీసి రెండుగా విరిచాడు. పైన పలుచగా తెల్లని పొర. దాని కింద జానెడు మందాన నల్లటి మట్టి.

"పైన చౌడు, కింద నల్లరేగడి. వానకారుకు ముందు మనం మిద్దె మీద ఏం పోస్తాం? చౌడు పోస్తాం. చౌడు నీళ్ళు తాగదు, జార్చేస్తాది. రేగడి తాగుతాది. తాగి బరువెక్కుతాది. పాత దూలాలు, అంత తడిమట్టి. ఎంతసేపు మోస్తాయి? ఎవరో కావాలనే రేగడి పోసి, కనపడకుండా పైన చౌడు చల్లినారు. ఇది చావు కాదన్నా, చంపడం."

"బాగా కనిపెట్టినావు." మద్దిలేటి మనసారా అన్నాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాడి కన్ను ఇంత దూరం వచ్చినందుకు అతని ఛాతీ కొద్దిగా పొంగిన మాట నిజం. "ఓవర్సీరు మీదికి ఎట్లా పోయినావు?"

"ఈ రేగడి యాడిది? కొత్త మేడ పునాదుల్లో తీసింది. ఆ దిబ్బ ఓవర్సీరు వెంకటరత్నం చేతికింద ఉంది. ఆయన చెప్తేనే గాడిదలు కదుల్తాయి. పైగా నలుగురి ముందర అన్నాడు, ఒక్క వాన పడితే ఈ కొట్టు దానంతటదే పడిపోతుంది అని."

"కట్టడం తెలిసిన ఎవరైనా అంటారప్పా ఆ మాట."

"అన్నోళ్ళందరి దగ్గరా దిబ్బ లేదు గదా."

మద్దిలేటి కుప్ప ఎక్కాడు. విరిగిన దూలాలు రెండు వైపులకూ పడి ఉన్నాయి. వాటి మధ్య ఒక చెక్క చట్రం వంకరగా నిలబడింది. అది గవాచి చట్రం. మట్టి మిద్దెకు వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ కప్పులో వదిలే కంతనే ఇక్కడ గవాచి అంటారు. చట్రానికి ఇంకా అతుక్కొని ఒక నాపబండ ఉంది. చుట్టూ చౌడు మెత్తారు. మెత్తిన వేళ్ళ గుర్తులు ఎండి నిలిచాయి.

అతను చాలాసేపు ఆ బండనే చూశాడు. అంచు మీద వేలు నడిపించాడు.

"రంగయ్యా, మిద్దె కూలినప్పుడు గవాచి మూసే ఉంది."

"వాన గదన్నా. మూసుకోరా?"

"ఎవరు మూసినారు?"

రంగయ్య బండ వైపు వంగి చూశాడు. తర్వాత నిదానంగా అన్నాడు. "బాలస్వామి."

"బాలస్వామికి ఒక కాలు లేదు. నిచ్చెన ఎక్కలేడు."

*

బాలస్వామి భార్య జీవమ్మ మిషన్ స్కూల్లో టీచరు. స్కూలు వరండాలో బెంచీ మీద కూర్చొని ఉంది. చీర అంచు సరిగ్గా ఉంది, జుట్టు సరిగ్గా ఉంది. చేతులు ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది, ఎట్లా కూర్చోవాలో పిల్లలకు చూపించేటప్పటిలాగా. మద్దిలేటి నిలబడే అడిగాడు.

"సోమవారం మీరు ఊళ్ళో లేరా, టీచరమ్మా?"

"కొలిమిగుండ్లకు పోయినా. మా చెల్లెలికి బాగలేకుంటే. పొద్దున బస్సుకు."

"ఆయన మీతో రాలేదు."

"పెండ్లి బట్టలు ఉన్నాయన్నాడు. చెప్పిన దినానికి ఇవ్వకుండా ఆయన ఎప్పుడూ లేడు." కొంచెం ఆగి, "ఆయన కుట్టిన చొక్కాకు గుండీ ఊడదు అంటారు బజార్లో. మీరు అడిగి చూడండి" అంది.

"అడగాల్సిన పని లేదమ్మా. నేను ఆళ్లగడ్డలో ఉండగా ఆయన కుట్టిన కోటు ఇంకా తొడుక్కుంటాండా."

ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. కళ్ళలో తడి లేదు. తడి కంటే కష్టమైనదేదో ఉంది.

"మిద్దెకు చౌడు పోయించినారా ఈ ఏడు?"

"లేదు. పోయించాలనుకుంటాండినాము."

"మీ గవాచికి మూత ఏముండేది?"

"బండ ఉండేది. పగిలి రెండేండ్లయింది. వాన వస్తే నేనే పైకెక్కి తట్ట బోర్లించి రాయి పెట్టేదాన్ని. లేనప్పుడు ఎప్పుడూ తెరిచే ఉంటాది. ఇస్త్రీపెట్టె బొగ్గుల పొగ పోవాల గదా."

"ఆదివారం సాయంత్రం మీరిద్దరూ యాడున్నారు?"

"మిషన్ గుళ్ళో. సాయంకాల ప్రార్థనకు."

"ఆ వేళకు మీ మిద్దె మీదికి గాడిదలతో మట్టి తోలించినారని పందిట్లో బట్టలమ్మే ఆయన చెప్పినాడు. మీరు చెప్పిన పనే అనుకొని, తోలించేది ఎవరో తొంగి చూడలేదంట. ఆ వారమంతా ప్రతి మిద్దె మీదా చౌడు పోస్తానే ఉన్నారు గదా."

జీవమ్మ చేతులు విడిపోయి మళ్ళీ కలిశాయి.

"మీరు వాళ్ళందరినీ అడిగేటప్పుడు నేనూ వచ్చి కూర్చోవచ్చునా?" అని అడిగింది. "చివరి దాకా వినాలని ఉంది."

"రండమ్మా."

*

మేడ మీదికి ఉమామహేశ్వరమ్మే తీసుకుపోయింది. యాభై దాటిన మనిషి. ఆళ్లగడ్డ దగ్గర తరాల నాటి సేద్యం. భర్త పోయాక పొలాలూ ఇల్లూ ఒంటిచేత్తో నడిపింది. మేడ పని మొదలైనప్పటి నుంచి పైన పూర్తయిన గదిలోనే ఉంటోంది. మద్దిలేటిని కర్నూలు నుంచి పిలిపించింది కూడా ఆమే.

"చూడప్పా. కిందోళ్ళు అంగడి మూస్తే పది మెట్లెక్కి ఇంటికి రావచ్చు. ఆడోళ్ళు పైనుంచి తొంగి చూస్తే అంగడి కనపడతాది. మూడు వాకిళ్ళు పొద్దు పొడిచే దిక్కుకు పెట్టించినా. ఓవర్సీరు మొదటిసారి ఒక గోడ వంకర కట్టించె. పడగొట్టించి మళ్ళీ కట్టమన్నా. మాట పలక్కుండా కట్టినాడు. పనిమంతుడు. కర్నూలుకు దిగినోళ్ళు కోస్తా నుంచి శానామంది ఉన్నారుగానీ, ఇట్లాంటోడు దొరకడు."

గోడ మీద అరచెయ్యి ఆనించి చెప్పింది, ఎద్దు వీపు నిమిరినట్టు.

"అందుకేనా నన్ను పిలిపించినారు?"

"నా మేడకు ఒకరి ఉసురు తగలగూడదు. చేయని తప్పుకు ఆయప్ప జైలుకు పోతే ఈ మెట్లు నేనెట్ల ఎక్కేది?"

వెనక వరండా చివర మద్దిలేటి ఆగాడు. పిట్టగోడ ఇంకా లేవలేదు. అక్కడి నుంచి బాలస్వామి మిద్దె ఉన్న ఎత్తు అడుగు కిందికి, అంతే. కూలకముందయితే ఒక అడుగు దిగి ఆ మిద్దె మీద నిలబడొచ్చు. అతను టేపు తీయలేదు. కళ్ళతో కొలిచి ఊరుకున్నాడు.

ఆమె గది పక్కన వంటిల్లు. గోడకు వరుసగా అలమర బండలు దిగేశారు. ఆళ్లగడ్డ రాతిపనివాళ్ళు చెక్కినవి. ప్రతి బండ అంచుకూ సన్నటి తామరరేకుల వరుస. ఒక అర మాత్రం ఖాళీగా ఉంది.

"ఈ గదికి తాళం ఎవరి దగ్గరుంటాది?"

"నా నడుముకు" అంది ఆమె.

మద్దిలేటి ఆ అర నుంచి చూపు తిప్పాడు. కిటికీలోంచి మబ్బు చూశాడు. నల్లమల వైపు కమ్ముకొని వస్తోంది.

*

ఇంకా పడగొట్టని పాత మిద్దె ఒకటుంది. మేస్త్రీలు సామాన్లు పెట్టుకుంటారు. అందరూ అక్కడికే రావాలన్నాడు మద్దిలేటి. రంగయ్య బల్ల ముందు కూర్చున్నాడు. ఓవర్సీరు వెంకటరత్నాన్ని కానిస్టేబులు తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఉమామహేశ్వరమ్మ గోడవార పీట మీద కూర్చుంది. ఆమె తమ్ముడు ఓబులేసు వాకిలికి ఆనుకొని నిలబడ్డాడు. మేడకు రాయీ సున్నమూ తోలించేది అతనే. జీవమ్మ అందరికంటే వెనక.

"ఓబులేసూ, ఆ రోజు నువ్వు యాడున్నావు?" అన్నాడు మద్దిలేటి.

"సోమవారమా? ఆళ్లగడ్డలో ఉంటిని. పొద్దున పోయి మంగళవారం వచ్చినా. వంద మంది చూసినారు."

"సోమవారం సంగతి నేనడగలే. మట్టి పోసింది ఆదివారం."

"నువ్వు ఏ రోజని అనకుంటే నేనేం చేసేది? మనిషి చచ్చింది సోమవారం గదా. ఏందన్నా, మాటలు పట్టుకొని లాగుతాండావ్. దర్జీ దగ్గర నేర్చుకున్నావా?"

కానిస్టేబులు నవ్వబోయి, జీవమ్మను చూసి ఆపుకున్నాడు.

"వెంకటరత్నం గారూ" అన్నాడు మద్దిలేటి. "చౌడంటే ఏమిటి?"

"ఉప్పు మట్టండీ. పైకప్పుల మీద పోస్తారని ఇక్కడికి వచ్చాకే తెలిసిందండీ. మా తెనాలి వైపు పెంకులూ తాటాకేనండీ."

"తెలిసింది గదా" అన్నాడు రంగయ్య వెంటనే. "తెలిసినోడు చేయొచ్చు. ఏడాదిన్నరగా ఈడనే ఉన్నాడు. మేస్త్రీలు మాట్లాడుకునేది వినలేదా? అన్నా, మధ్యాహ్నం అయితాంది. నువ్వు నాకు నేర్పింది ఏందీ? దిబ్బ ఎవరిదో, దిబ్బ మీద కన్ను ఎవరిదో..."

చినుకులు మొదలయ్యాయి. గవాచిలోంచి నాలుగు బొట్లు నేల మీద పడ్డాయి.

"ఒరే, గవాచి ముయ్యండ్రా" అని రంగయ్య మాట మధ్యలోనే కేక వేశాడు. అప్పటికే కానిస్టేబులు వాకిలి దాటుతున్నాడు. ఓబులేసు నిచ్చెన కోసం అటూ ఇటూ చూశాడు. ఉమామహేశ్వరమ్మ పీట మీద నుంచి సగం లేచింది. వెనకనుంచి జీవమ్మ కూడా తట్ట కోసం చెయ్యి చాచింది.

వెంకటరత్నం తన కుర్చీని రెండడుగులు పక్కకు లాక్కొని, మళ్ళీ కూర్చున్నాడు.

పైన కానిస్టేబులు బండ జరిపిన చప్పుడు వినిపించింది. గది చీకటయింది.

"మేఘం చూసి పిలిచినావు మమ్మల్ని" అన్నాడు రంగయ్య.

"చూసి పిలిచినా. మనం మట్టి మిద్దె కింద పుట్టినోళ్ళం, రంగయ్యా. పగవాడి ఇంట్లోనయినా సరే, వాన వస్తే మన చెయ్యి గవాచి మీదికే పోతాది. ఆలోచించి కాదు. తెనాలి మనిషి కుర్చీ జరుపుకుంటాడు. కూలిపోవాలని మట్టి పోసిన మిద్దెకు వాన రాకుండా గవాచి మూసేటోడు వెంకటరత్నం కాదు. మూసినోళ్ళను పట్టుకుంటే మట్టి పోసినోడు దొరుకుతాడు."

రంగయ్య మొహం ఎర్రబడింది. కానీ అతను మూర్ఖుడు కాడు. "అలవాటు సాక్ష్యం కాదన్నా. కోర్టులో నవ్వుతారు."

"నిజమే. బండ సాక్ష్యం." కుప్ప మీద నుంచి తెప్పించి వాకిట్లో పెట్టించిన నాపబండను మద్దిలేటి ఎత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎండిన చౌడును బొటనవేలితో రుద్దాడు. కింద తామరరేకులు బయటపడ్డాయి. "బాలస్వామి గవాచి మీదున్న బండ ఇది. దీని తోబుట్టువులు మేడ మీద వంటింట్లో ఉన్నాయి. ఒక అర ఖాళీ. ఆ గదికి తాళం ఒక్కరి నడుముకే ఉంది."

రంగయ్య చూపు తిరిగింది. ఓబులేసు వాకిలి వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"మాటలు జాగ్రత్త. ఎవరిని అంటాండావో తెల్సునా?"

"నువ్వుండు, ఓబులేసూ" అంది ఉమామహేశ్వరమ్మ. లేచి నిలబడింది. గొంతు ఎక్కడా తగ్గలేదు. "ఆ బండ నేనే పెట్టినా. సోమవారం పొద్దుగూకినప్పుడు. వాన మొదలాయె, వరండాలోంచి చూస్తే ఆ గవాచి తెరిచి ఉంది. జీవమ్మ ఊరికి పోయిందని తెలుసు. వంటింట్లో ఇంకా గోడకు దిగేయని బండ చేతికందితే తీసుకొని దిగి మూసినా. మా ఇంటి పక్క ఇంట్లో వాన పడుతుంటే చూస్తా కూర్చునే వంశం కాదు మాది."

"చౌడు మెత్తింది కూడా మీరే" అన్నాడు మద్దిలేటి.

"నేనే."

"మెత్తడానికి గవాచి చుట్టూ ఉన్న చౌడు గీకింటారు. అది పలుచని పొర. కింద ఏముందో మీ చేతికి తెలిసుండాల."

ఆమె తన కుడిచెయ్యి చూసుకుంది.

"నల్లగా వచ్చింది చెయ్యి" అంది. "అప్పుడే తెలిసింది. ఆదివారం గాడిదలతో మట్టి తోలించి ఆ మిద్దె మీద పోయిస్తున్నోన్ని వరండాలోంచి చూసినా. మంచి చేస్తాండాడు, మూల అంగడి పగ మరిచినాడు అనుకొని లోపల సంతోషపడినా గూడా."

"ఎవరిని చూసినారమ్మా?" రంగయ్య గొంతు మారింది.

"అక్కా" అన్నాడు ఓబులేసు.

"మా తమ్మున్ని."

వాన చప్పుడు పెరిగింది. వెంకటరత్నం రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. కానిస్టేబులు ఎవరూ చెప్పకుండానే వాకిలికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నాలుగు దినాలుగా నా నోటితో చెప్పలేకపోతిని" అంది ఆమె. "ఒకే తల్లి కడుపున పుట్టినోడు. అందుకే కర్నూలుకు మనిషిని పంపినా. మా ఆళ్లగడ్డలో పనిచేసినోడు, కంటపడింది పోనీడు, నా నోటి నుంచి రాబట్టుకుంటాడు అని. ఒక మాట చెప్తాండా, ఇన్‌స్పెక్టరప్పా. వంకర గోడ పడగొట్టి కట్టించినా. తమ్ముడని వంకర దాచి, బయటోని మెడ మీద మేడ నిలబెట్టను. తీసుకుపో."

మద్దిలేటి ఇన్నేళ్ళలో ఎంతోమంది నేరం ఒప్పుకోవడం విన్నాడు. ఇంత నిటారుగా నిలబడి చెప్పినవాళ్ళను చూడలేదు. మనసులోనే ఆమెకు నమస్కరించాడు. రంగయ్య లేచి ఓబులేసు వైపు నడిచాడు.

ఓబులేసు పారిపోవాలని చూడలేదు. తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు.

"మిద్దె కురిసి, గోడ బీటలిచ్చి, భయపడి ఖాళీ చేస్తాడనుకున్నా" అన్నాడు. "పెండ్లాం ఊరికి పోతే ఆయప్ప గూడా పోయినాడనుకున్నా. లోపల మనిషి ఉన్నాడని తెల్దు నాకు. వాళ్ళ యేసుప్రభువు మీదనే ఒట్టు పెట్టమన్నా పెడతా." తర్వాత అక్క వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. "నాకు తెల్దు. నీకు తెలుసునా, అక్కా? గవాచి మీద వంగినావు గదా. లోపల దీపం ఉండిందా, లేదా? అది గూడ చెప్పు."

మద్దిలేటి చెయ్యి బండ మీదే ఆగిపోయింది. ఈ ప్రశ్న తాను అడగవలసింది. అడగలేదు. నిటారుగా నిలబడిన మనిషిని చూసి, అక్కడితో అయిందనుకున్నాడు.

ఉమామహేశ్వరమ్మ చెయ్యి నడుముకున్న తాళం మీదికి పోయింది.

"ఉండింది" అంది.

రంగయ్య ఆగిపోయాడు.

"మిషను ముందర కూర్చోనుండె. తెల్లబట్ట కుడతాండె. చినుకులు ఆ బట్ట మీదనే పడతాండె." ఆమె ఇప్పుడు ఎవరినీ చూడటం లేదు. "చెయ్యి నల్లగయినప్పుడు తెలిసిపోయె నాకు, ఈ మిద్దె నిలబడదని. ఒక్క మాట అంటే చాలు. బయటికి రాప్పా అంటే చాలు. నోటిదాకా వచ్చె. ఏడాది నుంచి మాటల్లేవు మా మధ్య. ముందు నేను పలికితే, ఆ మూల అంగడి కోసం పలికిందంటాడు అనిపించె. పొద్దున్నే మేస్త్రీల్ని పంపి మట్టి తీయిస్తాంలే అనుకొని, బండ వేసి వచ్చినా."

వెనక నుంచి జీవమ్మ ముందుకు వచ్చింది. దారి ఇచ్చారు. ఆమె ఉమామహేశ్వరమ్మకు ఎదురుగా నిలబడి, తరగతిలో అడిగినంత మెల్లగా అడిగింది.

"ఆయన మిమ్మల్ని చూసినాడా?"

"చూసినాడు. తలెత్తి చూసినాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలే. ఆయన గూడా మాట పలకడు గదా నాతో." ఆమె గోడకు చెయ్యి ఆనించింది. "బట్ట తడవకుండా మూస్తాండానని, చెయ్యెత్తి దండం పెట్టినాడు."